చిట్టచివరి వరస

ఆమెను వీధిలో అందరూ సీట్లమ్మ అనేవారు. విమానాశ్రయంలో కౌంటరు వెనక నిలబడి, వచ్చిన ప్రయాణికులకు ఎవరి సీటు వాళ్ళకు ఇవ్వడం ఆమె ఉద్యోగం. కంప్యూటర్లు ఇంకా రాని రోజులవి. ప్రతి విమానానికీ ఒక అట్ట ఉండేది. అట్ట మీద విమానం బొమ్మ, ఆ బొమ్మలో సీటుకొకటి చొప్పున నంబరు అచ్చువేసిన చిన్న చిన్న స్టిక్కర్లు. ఒకటి గోటితో ఒలిచి బోర్డింగు కార్డు మీద అంటిస్తే ఆ సీటు ఆ మనిషిది. ఒలిచిన చోట తెల్లగా మిగిలేది. అట్ట అంతా తెల్లబడిందంటే విమానం నిండిందన్నమాట.

చెప్పుకోవడానికి ఇంతే పని. చెయ్యబోతే తెలిసేది. ఒకాయనకు కిటికీ కావాలి కానీ రెక్క కనపడకూడదు. ఒకావిడకు కిటికీ కావాలి కానీ కిందికి చూడాల్సి రాకూడదు. ఇంటి దగ్గర పోట్లాడుకుని వచ్చిన మొగుడూ పెళ్ళాలు చెరో మూలా సీటు అడిగేవారు, నాలుగడుగులు వేసేలోపే రాజీపడి పక్కపక్కన ఇమ్మని వెనక్కి వచ్చేవారు. ఒక పెద్దాయన మరీనూ, "డ్రైవరు వెనకాల సీటివ్వమ్మా, దారి కనపడాలి" అన్నాడు. అందరికీ ఒకే నవ్వు నవ్వాలి. ఆ నవ్వు కూడా జీతంలో భాగమేనని సూపర్వైజరు చేరిన రోజే చెప్పాడు.

అంత నవ్వు నవ్వే మనిషికి లోపలి ఉడుకు పోవడానికి ఏదో ఒక దారి ఉండాలి కదా. సీట్లమ్మ దారి సీట్లమ్మది. మర్యాదగా మాట్లాడినవాళ్ళకు ముందు వరసలు ఇచ్చేది. అక్కడ కాళ్ళు చాపుకోవచ్చు, కుదుపు తక్కువ. చిటికె వేసి పిలిచినవాళ్ళకు, టికెట్టు విసిరేసినవాళ్ళకు, "ఏయ్" అన్నవాళ్ళకు చిట్టచివరి వరస. అక్కడ సీటు వెనక్కి వాలదు, పక్కనే బాత్రూము, పైగా మబ్బుల్లో విమానం ఊగిందంటే తోక దగ్గర కూర్చున్నవాడికి పేగులు నోట్లోకి వస్తాయి. "అది నా జైలండీ" అని మొగుడికి చెప్పి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేది. శిక్ష పడినట్టు పడ్డవాళ్ళకే తెలిసేది కాదు, థాంక్స్ చెప్పి మరీ పోయేవారు. ఇందులో తప్పు పట్టేవాళ్ళు ఒక్క పూట ఆ కౌంటరు వెనక నిలబడి చూడాలి.

ఇంట్లో ఇంతకంటే గట్టి కౌంటరు ఒకటుంది. అది అత్తగారు. ఆవిడ బళ్ళో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి రిటైరైన టీచరు. దేన్ని చూసినా ముందు దాని అంచు చూసేది. దుప్పటి పరిస్తే ఒక కొస కిందికి దిగిందనేది, బట్టలు మడత పెడితే విప్పి మళ్ళీ పెట్టేది. ఆ వయసులోనూ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించగలదు. ఆ కళ్ళకు కోడలి పనిలో వంకర తప్ప మరొకటి ఆనేది కాదు. గొంతు కూడా బడి గొంతే, వెనక బెంచీకి వినపడాల్సిందే. కోడలు తిరిగి ఒక్క మాట అనేది కాదు, ఆమె తరఫున గిన్నెలు అనేవి. మధ్యలో మొగుడు, గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్న నెమ్మదస్తుడు. ఇద్దరి మాటలూ ఇటునుంచి అటు మొయ్యడం ఆయన వంతు. సగం మాటలు దారిలోనే మర్చిపోయేవాడు. ఆ ఇల్లు నిలబడిందంటే ఆ మతిమరపు వల్లే.

ఉద్యోగుల ఇళ్ళలో ఏడాదికి ఒకరికి ఉచితంగా విమానం ఎక్కే వీలుండేది. ఆ ఏడు తన తల్లిని ఎక్కిద్దామని సీట్లమ్మ ఎప్పటినుంచో అనుకుంటోంది. అంతలో ఆడపడుచుకు పురుడొచ్చింది. "ఈ ఒక్కసారికీ అమ్మని పంపిద్దామే. రైలంటే నడుం పట్టేస్తుంది ఆవిడకి" అని మొగుడు బతిమాలాడు. మనసు చివుక్కుమన్నా సరేనంది. అంతే కాదు, ప్రయాణం రోజు అట్ట చేతికి రాగానే ముందు వరసలో కిటికీ పక్క సీటు మీద పెన్సిలుతో చిన్న గీత గీసి అత్తగారికని అట్టిపెట్టింది కూడా. ఈ మాట చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టవుతుంది.

ఆ మధ్యాహ్నం గాలి స్తంభించింది. మెడ వెనక చెమట ఆరడం లేదు. పశ్చిమాన ఆకాశం ముదురు నీలంగా కమిలింది. విమానం నడిపే ఇద్దరూ కౌంటరు పక్కనుంచి పోతూ, అవతలి ఊళ్ళో ఉరుముల వాన ఉందట, దిగేటప్పుడు కాస్త ఎగరేస్తుందని సూపర్వైజరుతో అన్నారు. సూపర్వైజరు తలూపాడు. అలాంటివి వారానికోసారి వింటూనే ఉంటారు.

వరసలో ఒక అమ్మాయి వంతు వచ్చింది. కొత్తగా పెళ్ళయినట్టుంది. సంచి రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడింది. కౌంటరు మీదికి వంగి, ఎవరికీ వినపడకూడదని చిన్నగా చెప్పింది.

"మేడం, బాగా వెనక, బాత్రూం పక్కన సీటుంటే ఇస్తారా? నాకు బస్సెక్కినా వాంతులవుతాయి. అందరి ముందు నుంచీ పరుగెత్తాలంటే సిగ్గేస్తుంది."

"మొదటిసారా?"

"అవునండీ. ఆయనకి అక్కడ ఉద్యోగం వచ్చింది. ఇల్లు తీసుకున్నారు. ఇవాళే వెళ్తున్నాను."

ఎంత ముద్దుగా అడిగిందో! సీట్లమ్మ చిట్టచివరి వరసలో బాత్రూం పక్క సీటు స్టిక్కరు ఒలిచింది. అది వేలి కొసన ఉండగానే వెనకనుంచి గొంతు వినపడింది.

"అదేమిటే, ఆ ముందాయన కార్డు మీద అలా వంకరగా అంటించావు? ఆ స్టిక్కరు తిన్నగా అంటించడానికి కూడా ఒకరు నేర్పాలా? మా బళ్ళో రెండో తరగతి పిల్లలు నయం."

అత్తగారు. చేతిలో మనవడికి కుట్టిన చొక్కాల మూట, మొహంలో టీచరమ్మ ఠీవి. వరసలో వాళ్ళంతా గొల్లున నవ్వారు. సూపర్వైజరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఎన్ని అన్నా ఇంటి గోడల మధ్య అంది. ఇది కౌంటరు. ఇక్కడ ఆమెకు ఒక పరువుంది. సీట్లమ్మకు ఒళ్ళు మండింది. మొహం మీద నవ్వు మాత్రం చెదరలేదు, అలవాటైన నవ్వు కదా.

"వెనక సీట్లో వాంతులు ఇంకా ఎక్కువవుతాయమ్మా" అంది ఆ అమ్మాయితో. "తోక దగ్గర బాగా ఊగుతుంది. దారిలో మబ్బులున్నాయట కూడా. నీకు ముందు వరస ఇస్తాను, కిటికీ పక్కన. ఉయ్యాల్లో పాపలా పోతావు." పెన్సిలు గీత ఉన్న స్టిక్కరు ఒలిచి ఆ అమ్మాయి కార్డుకు అంటించింది, తిన్నగా. ఆ పిల్ల మొహం విప్పారింది. "మీ మేలు మర్చిపోను మేడం" అని వెళ్ళిపోయింది.

వేలి మీద ఉన్న స్టిక్కరు అత్తగారి కార్డుకు అంటుకుంది.

"ముందు సీటని చెప్పాడే మావాడు?"

"నిండిపోయింది అత్తయ్యా."

అత్తగారు కార్డు చూసింది. అట్ట చూసింది. ముందు నడుస్తున్న ఆ అమ్మాయి వీపు చూసింది. ఏమంటుందో అని సీట్లమ్మ ఎదురుచూసింది. ఆవిడ ఏమీ అనలేదు, చొక్కాల మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

విమానం లేచినప్పుడు సీట్లమ్మ అద్దాల దగ్గర నిలబడి చూసింది. కాస్త ఊగితే తెలుస్తుంది ఆవిడకి, అనుకుంది. సరిగ్గా ఈ మాటే అనుకుంది. అనుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని హాయిగా తాగింది.

గంట తిరిగేసరికి వాన ఇక్కడికీ వచ్చేసింది. పైన రేకుల మీద రాళ్ళు పోస్తున్న చప్పుడు. దీపాలు రెండుసార్లు ఆరి వెలిగాయి. విమానం అవతల దిగినట్టు ఈపాటికి కబురు రావాలి. రాలేదు. గాలివానకు లైన్లు పోయి ఉంటాయని ఎవరో అన్నారు. అంతలో లోపల ఆఫీసులో ఫోను మోగింది. సూపర్వైజరు వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆయన తలుపు వేసుకోవడం సీట్లమ్మ ఎప్పుడూ చూడలేదు.

బయటికి వచ్చినప్పుడు ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. సిబ్బందిని దగ్గరికి పిలిచాడు. "రన్‌వే చేరలేదట. కాస్త ఇవతలే పొలాల్లో పడిందట. ఇంకేమీ తెలీదు. ఎవరేం అడిగినా ఒక్కటే చెప్పండి, సమాచారం రాగానే చెబుతాం అని. అంతకు మించి ఒక్క ముక్క జారినా ఊరుకోను." ఆ తరవాత సీట్లమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీ అత్తగారు... మీరు ఇంటికి వెళ్తారా?"

"ఉంటానండీ" అంది. కౌంటరు వెనక్కి వెళ్ళి నిలబడింది.

పడిందన్న మాట ఎలా పాకిందో, జనం తడిసిపోయి రావడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం సాగనంపిన చేతులే ఇప్పుడు కౌంటరు అంచు పట్టుకున్నాయి. "సమాచారం రాగానే చెబుతామండీ." ఒక ముసలాయనకు చెప్పింది. "సమాచారం రాగానే చెబుతామండీ." ఇద్దరు అక్కచెల్లెళ్ళకు చెప్పింది. మొహాలు చూడకుండా చెబుతూ పోయింది. చెబుతుంటే మరొక తడిసిన మనిషి ముందుకొచ్చాడు.

"సమాచారం రాగానే..."

"నాకూ అదే చెబుతావా?" అన్నాడు మొగుడు.

కొట్టు తలుపులు కూడా వెయ్యకుండా పరుగెత్తి వచ్చినట్టున్నాడు. గడియారాలు చూసే అద్దం తాడుతో మెడలోనే వేలాడుతోంది.  ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మ ముందు వరసలోనే ఉంది కదూ? నువ్వు అట్టిపెడతానన్నావు కదా?"

"ఆఁ" అంది.

ఎందుకన్నదో ఆమెకే తెలీదు. ఆ నిమిషంలో ఆ కళ్ళలోకి చూస్తూ మరో మాట ఎవరికైనా వస్తుందా?

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి సూపర్వైజరు తలుపు వెయ్యలేదు. అందరూ గుమ్మం దగ్గర గుమిగూడారు. ఆయన ఫోను చెవికి ఆనించుకునే, వింటున్న మాటలు గట్టిగా తిరిగి పలికాడు. "దిగుతుంటే పైనుంచి గాలి అదిమేసిందట. తోక విరిగిపోయిందట. విరిగి ఎక్కడో దూరంగా పడిందట." అంతలో లైను తెగింది. ఆయన "హలో, హలో" అని అరుస్తూనే ఉన్నాడు.

"హమ్మయ్య" అన్నాడు మొగుడు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "తోకే కదా! తోకే విరిగింది. అమ్మ ముందుంది." పక్కన వణుకుతున్న ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు. "మీవాళ్ళు ఎక్కడ కూర్చున్నారండీ? మా ఆవిడే ఇచ్చింది సీట్లు, అడుగుదాం ఉండండి. ఏమే, ఈయన కొడుకుది ఎక్కడ?"

సీట్లమ్మకు ఆ కొడుకు గుర్తున్నాడు. మర్యాదస్తుడు. "ముందే" అంది.

"చూశారా! దిగులు పెట్టుకోకండి" అని మొగుడు ఆ ముసలాయనను కుర్చీలో కూర్చోబెట్టాడు. జీవితంలో నాలుగు మాటలు కలిపి మాట్లాడని మనిషి ఆ సాయంత్రం అందరికీ ధైర్యం చెప్పాడు. సీట్లమ్మ కౌంటరు కింద ఒక చేత్తో మరో చెయ్యి గిల్లుకుంటూ నిలబడింది. విరిగిన తోకలో, దూరంగా పడిన ఆ ముక్కలో, ఆవిడ ఉంది. తాను కూర్చోబెట్టింది. ఊగాలని కూర్చోబెట్టింది. ఒక్క వంకర స్టిక్కరు మాటకు మనిషిని చంపుకున్నానా అని లోపల ఒకటే మాట తిరుగుతోంది. ఇంటికి వెళ్ళాక ఈయన మొహం ఎలా చూడాలి? ఇప్పుడే చెప్పెయ్యాలా? ఆయన నవ్వుతూ ఎవరికో మంచినీళ్ళు ఇస్తున్నాడు. ఎలా చెప్పడం?

చెప్పాలనే కౌంటరు పలక ఎత్తి ఇవతలికి వచ్చింది. ఆయన చొక్కా పట్టుకుంది. "ఏమండీ, ఒక మాట" అంటుండగా మూడోసారి ఫోను మోగింది.

సూపర్వైజరు ఈసారి ఏమీ పలకలేదు. వినేసి ఫోను పెట్టేసి, గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ తరవాత మెల్లగా చెప్పాడు. ముందు భాగం నేలను గుద్దుకుని అంటుకుందట. అందులో ఎవరూ మిగల్లేదట. బతికినవాళ్ళు కొద్దిమంది ఉన్నారు, అందరూ విరిగిన తోకలో ఉన్నవాళ్ళేనట. బురదలో పడటంతో ఆ ముక్కకు నిప్పంటుకోలేదట.

ముసలాయన కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. మొగుడు ఉన్నచోటే కూలబడి, పసివాడిలా "అమ్మా" అన్నాడు.

"లేదండీ! అత్తయ్య వెనకే ఉంది. చిట్టచివరి వరసలో. నేనే అక్కడిచ్చాను" అని సీట్లమ్మ ఆయన భుజాలు పట్టి కుదిపేసింది. గొంతు ఆమెది కాదన్నట్టు పైకి లేచింది. ఏడుస్తోంది, నవ్వుతోంది, బతికే ఉంటుందండీ అంటోంది. అంటూనే, ఉన్నట్టుండి ఆగిపోయింది. సంచి గుండెకు అదుముకున్న ఆ పిల్ల గుర్తొచ్చింది. ఉయ్యాల్లో పాపలా పోతావు అని తానే అంది.

"మరి ముందన్నావు?" అన్నాడు మొగుడు తేరుకుని.

"కంగారులో అన్నాను."

మర్నాడు పొద్దున రైల్లో వెళ్ళారు. ఆసుపత్రి వరండాలో మంచాలు వరసగా వేసి ఉన్నాయి. అత్తగారు కిటికీ దగ్గర మంచం మీద ఉంది. తుంటి ఎముక విరిగింది, రెండు చేతులకూ కట్లు. కొడుకును చూసి ఏడవలేదు. చుట్టూ ఉన్న నర్సులకు, పక్క మంచాలవాళ్ళకు, బడి గొంతుతోనే కోడల్ని చూపించింది. "ఇదిగో, ఇదే మా కోడలు. నన్ను వెనక కూర్చోబెట్టింది. అందుకే ఇలా ఉన్నాను." నర్సులు సీట్లమ్మ చేతులు పట్టుకుని అభినందించారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

కొడుకు మందులకని వెళ్ళాక అత్తగారు కళ్ళు మూసుకుని మాట్లాడింది. "ఊగింది. బాగా ఊగింది. నేలా ఆకాశం తెలీలేదు. ఆ తరవాత చూస్తే బెల్టుకు తలకిందులుగా వేలాడుతున్నాను, మొహం మీద వాన పడుతోంది." కళ్ళు తెరిచింది. "ఆ పిల్ల?"

"లేదత్తయ్యా."

"నీ వేలి మీద ఉన్నది ఆ పిల్ల సీటు. చూశాను."

 మొహం గోడ వైపు తిప్పుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని సీట్లమ్మకు మొదటిసారి అనిపించింది.

ఇంటికి తెచ్చుకున్నాక అత్తగారు మంచానికి అతుక్కుపోయింది. సీట్లమ్మ సెలవు పెట్టి ఒళ్ళు తుడవడం దగ్గర్నుంచీ అన్నీ తానే చేసింది. ఇద్దరి మధ్యా పని మాటలే నడిచేవి. దుప్పటి కొస కిందికి దిగినా ఆవిడ ఏమీ అనేది కాదు. మొగుడికి మాత్రం గర్వంతో కాలు నిలవలేదు. కొట్టుకు వచ్చినవాళ్ళకల్లా కథ చెప్పేవాడు. కథ పెరిగి పెరిగి, భార్యకు ముందే ఏదో తోచిందనే దాకా వచ్చింది. వీధిలో వాళ్ళు వచ్చి "మీ చేతి చలవమ్మా" అని పోయేవారు. సూపర్వైజరు పలకరించడానికి వచ్చి, ఇప్పుడు ప్రయాణికులంతా చివరి వరసే కావాలని పోట్లాడుకుంటున్నారని, తొందరగా వచ్చి చేరమని చెప్పాడు. ఆ పొగడ్త మింగలేక, కక్కలేక సీట్లమ్మ సగమైపోయింది. నిజం చెబితే మొగుడి ప్రాణం ఏమవుతుంది? చెప్పకపోతే తన ప్రాణం ఏమవుతుంది? ఆ ఆలోచనతోనే తెల్లవారేది, పొద్దుగుంకేది.

రేపు డ్యూటీలో చేరాలనగా, మధ్యాహ్నం పూట ఒక కుర్రవాడు తలుపు తట్టాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. సీట్లు ఇచ్చే ఆవిడ ఇల్లు ఇదేనా అని అడిగి, తన భార్య ఆ విమానంలో వెళ్ళిందని చెప్పాడు. సీట్లమ్మకు చెప్పకముందే అర్థమైంది. కూర్చోమంది. గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. ఆ గదిలోనే మంచం మీద అత్తగారు పడుకుని ఉంది.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి రాలేదండీ" అన్నాడు. "ఒక్కటే తెలుసుకుందామని. ముందు రోజు ఫోన్లో నేనే చెప్పాను తనకి, వెనక బాత్రూం పక్కన సీటు అడుగు అని. తనకి వాంతులవుతాయి. మొహమాటం మనిషండీ. బస్సులో టికెట్టు అడగడానికి కూడా నా మొహం చూసేది. అడగలేకపోయిందా? ఎన్నిసార్లు చెప్పాను, నోరు తెరిచి అడగడం నేర్చుకోవే అని! ఒక్క మాట అడిగి ఉంటే బతికేది. పోయిన మనిషి మీద కోపం రాకూడదు కానీ, నాకు దాని మీద కోపం వస్తోందండీ. అన్నం తింటున్నా, పడుకున్నా అదే. నిజం చెప్పండి, అడగలేదు కదూ?"

సీట్లమ్మ నోరు తెరిచింది. 

"అడిగింది బాబూ" అంది మంచం మీది గొంతు.

అతను ఇటు తిరిగాడు.

"చక్కగా అడిగింది. మా కోడలు ఇచ్చింది కూడా. వెనక నిలబడ్డదాన్ని నేనే. ముసలిదాన్ని, నాకు కావాలి బాత్రూం పక్కన సీటని పేచీ పెట్టాను. మా కోడలు వద్దంటూనే ఉంది. నీ భార్యే, పెద్దావిడకి ఇచ్చెయ్యండి మేడం, నేను సర్దుకుంటాను అంది. నేను తీసుకున్నాను."

 అతను మంచం దగ్గరికి వెళ్ళాడు. కట్టు కట్టిన కాలు, నెరిసిన జుట్టు, ముడతలు పడ్డ చేతులు, అన్నీ చూశాడు. కొడతాడేమోనని సీట్లమ్మ లేచి నిలబడింది.

"ఇంకా ఎన్నాళ్ళు బతుకుదామని అడిగారండీ ఆ సీటు?" అన్నాడు.

"తప్పే బాబూ" అంది అత్తగారు.

అతను నిలబడే ఏడ్చాడు. ఏడుస్తూ, "అదంతేనండీ, ఎవరేమడిగినా ఇచ్చేసేది" అన్నాడు. చొక్కా చేతితో మొహం తుడుచుకుని, నీళ్ళు ముట్టకుండానే చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

 సీట్లమ్మ పరుగున గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అతను ఇంకా వీధిలోనే ఉన్నాడు, పిలిస్తే వినపడేంత దూరంలో.

"ఆగు" అంది అత్తగారు. "ఎక్కడికి?"

"ఆ మాట మీ మీద ఎలా ఉండనిస్తానత్తయ్యా? ఆ సీటు మీరు అడగలేదు. నేనే... మీ మీద కోపంతో నేనే ఇచ్చాను."

"తెలుసు. కోపంతో అని నాకప్పుడే తెలుసు. వెళ్ళి చెప్తావు, నీ బరువు దిగిపోతుంది. అతనికేం ఇస్తావు? ఇందాక పెళ్ళాం మీద కోపంతో వచ్చాడు. ఇప్పుడు పెళ్ళాం మంచిదైంది, కోపం నామీదికి వచ్చింది. నన్ను తిట్టుకుంటూ నిద్రపోతాడు. నువ్వు వెళ్ళి, అత్తాకోడళ్ళ తగువులో నీ భార్య పోయిందని చెబుతావా? ఆ మాట పట్టుకుని అతను ఎలా బతకాలి?"

"మరి నేను?"

"నువ్వు మోస్తావు. రేపు వెళ్ళి ఆ కౌంటరు వెనక నిలబడతావు. నీతో పాటు నేనూ మోస్తాను, ఉన్నన్నాళ్ళు."

సీట్లమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అతను నడుస్తున్నాడు. కూరగాయల బండికి దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు, మళ్ళీ నడిచాడు. ఇంకా వినపడేంత దూరమే. ఇంకా. మలుపు తిరిగాడు. ఆమె పెదాలు కదిలాయి కానీ పిలవలేదు. తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చింది. అత్తగారికి పక్క మార్చే వేళయింది. వీపు కింద చెయ్యి వేసి, నొప్పి పుట్టకుండా మెల్లగా ఇటు తిప్పింది.